అటక మీది కత్తి చెప్పే చరిత్ర



మొన్న దసరా సెలవులకు వచ్చిన నా మనుమడు పాత ఫోటోల డబ్బా ముందర వేసుకొని కూర్చున్నాడు. అందులో మా బాపు ఫోటో ఒకటి ఉన్నది. జగిత్యాల దగ్గరి మా సొంతూరిలో, పెంకుటింటి అరుగు మీద, దసరా నాడు తీసినది. బాపు చేతిలో ఒక తల్వార్. దాని పిడికి పసుపు కుంకుమలు పెట్టి ఉన్నాయి.

"తాతా, ఈ కత్తి ఇప్పుడు ఏడున్నది?" అని అడిగాడు పిల్లవాడు.

"అమ్మినం బిడ్డా."

"ఎవరికి?"

"పాత ఇనుప సామాన్లాయనకు."

"ఎంతకు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. 1994లో మేము అన్నదమ్ములం ఇల్లు పంచుకున్నప్పుడు విరిగిన నాగటి కర్రులు, బండి చక్రాల పట్టాలు, పగిలిన గంగాళంతో పాటు ఆ కత్తిని కూడా కిలోల లెక్కన తూకం వేయించింది నేనే. శ్రీరాంపూర్‌లో మరునాడు మస్టరు పడాలి, త్వరగా తిరిగి రావాలి అన్న తొందర ఒక్కటే ఆనాడు నాకు ఉన్నది.

ఆ కత్తి ఎక్కడిది అని బాపును చిన్నప్పుడు అడిగిన గుర్తు. మా ముత్తాత గడిలో కావలి కాసినందుకు ఇచ్చారని ఒకసారి చెప్పాడు. రజాకార్ల కాలంలో ఎవరో దాచిపెట్టమని ఇచ్చి మళ్ళీ రాలేదని మరోసారి చెప్పాడు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చగలవారు ఎవరూ ఇప్పుడు లేరు. ఏటా దసరాకు బాపు నూనె గుడ్డతో తుడిచినప్పుడు కత్తి రేకు మీద నీటి అలల వంటి సన్నని గీతలు కనిపించేవి. అవి తుప్పు మరకలనుకున్నాను. అవి ఏమై ఉండవచ్చునో ఉద్యోగ విరమణ తరువాత పుస్తకాలు చదివితే గాని తెలియలేదు.

అట్లా చదివి తెలుసుకున్న నాలుగు సంగతులు మన సంఘ సభ్యులతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

సేకరణ అనే అభిరుచి

స్టాంపులు, నాణేలు సేకరించేవారిని మనం ఎరుగుదుము. అట్లాగే పాత తుపాకులు, కత్తులు, సైనికుల పతకాలు, టోపీ బిళ్ళలు, నీళ్ళ బుడ్లు, దిక్సూచులు సేకరించేవారు ప్రపంచమంతటా ఉన్నారు. సైన్యం కొత్త తుపాకికి మారినప్పుడు పాతవి లక్షల సంఖ్యలో మిగిలిపోతాయి. మన కంపెనీలో 'సర్వే ఆఫ్' చేసిన యంత్రాలను వేలం వేసినట్టే కొన్ని దేశాల్లో ఆ తుపాకులను వ్యాపారులకు అమ్మివేస్తారు. 1891లో రష్యా సైన్యంలో చేరిన మోసిన్ నాగాంత్ రైఫిళ్ళు, జర్మనీ వారి మౌజర్లు, మన దేశంలో తయారైన త్రీ నాట్ త్రీలు ఇట్లాగే అమెరికాలోని దుకాణాలకు చేరుకున్నాయి.

అమెరికాలో 50 ఏండ్లు దాటిన తుపాకిని అపురూప వస్తువుల కోవలో లెక్కిస్తారు. అటువంటివి సేకరించేవారికి అక్కడి కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక లైసెన్సు ఇస్తుంది. 1968 నాటి తుపాకుల చట్టం దానికి ఆధారం. ఇందులో మనవంటి ఉద్యోగులకు నచ్చే నిబంధన ఒకటి ఉన్నది. ఆ లైసెన్సు గలవారు ఒక బైండు రిజిస్టరు పెట్టి, ఏ తుపాకి ఏ తేదీన ఎవరి నుంచి వచ్చింది, ఏ తేదీన ఎవరికి పోయింది అనేది రాసి తీరాలి. సేకరణ అనే పనికి పునాది ఆ రిజిస్టరే. నా దగ్గర అటువంటి పుస్తకం ఒక్క పేజీ ఉన్నా మనుమడి ముందు తెల్లమొహం వేసే అవసరం వచ్చేది కాదు.

మన రాష్ట్రంలో ఈ అభిరుచికి పెద్ద ఉదాహరణ మూడవ సాలార్‌జంగ్ నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్. ఆయన 1912లో నిజాం దివానుగా నియమితులై, 1914లో పదవి వదులుకున్నారు. ఆ తరువాత జీవితమంతా వస్తు సేకరణకే వెచ్చించారు. 1949లో ఆయన మరణించగా 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు దివాన్ దేవిడీలో మ్యూజియం ప్రారంభించారు. ఇప్పుడున్న మూసీ ఒడ్డు భవనానికి అది 1968లో మారింది. అందులోని ఆయుధశాలలో మొగలు చక్రవర్తులకు, టిప్పు సుల్తానుకు, ఆసఫ్‌జాహీలకు సంబంధించినవిగా చెప్పే కత్తులు, బాకులు, డాళ్ళు ఉన్నాయి. హైదరాబాద్ వెళ్ళినప్పుడు మనుమలను గడియారం చూపించి తీసుకు రాకుండా, ఆ గదిలో కూడా ఒక గంట గడపవలసిందిగా మనవి.

ప్రపంచం కొనుక్కున్న మన ఉక్కు

కత్తుల సంగతి వస్తే, ప్రపంచంలో సేకర్తలు ఎంతో విలువ కట్టే కత్తుల్లో డమాస్కస్ కత్తులు ముఖ్యమైనవి. వాటి రేకు మీద నీటి అలల వంటి గీతలు ఉంటాయి. పేరు సిరియా నగరానిదైనా, వాటిలో పేరెన్నిక గన్న ఎన్నో కత్తుల ముడి ఉక్కు దక్షిణ భారతం నుంచి, అందులోనూ మన ఉత్తర తెలంగాణ నుంచి వెళ్ళింది. ఇంగ్లీషు వారు దానికి పెట్టుకున్న 'వూట్జ్' అనే పేరు మన 'ఉక్కు' మాట నుంచి వచ్చినదేనని పండితులు చెబుతారు. గోల్కొండ రాజ్యపు ఉక్కు పర్షియాకు పోతుందని 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే రాసిపెట్టాడు.

నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం గ్రామం ఈ ఉక్కుకు ప్రసిద్ధి. దేశ సర్వే బృందంలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ అక్కడి కొలిమిని స్వయంగా చూసి రాసిన వర్ణన, ఆయన మరణానంతరం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు రకాల ఇనుమును కలిపి, గాజు ముక్కలతో పాటు మట్టి మూసలో పెట్టి, మూత మూసి, కొలిమిలో ఒక రోజంతా తిత్తులు ఊదుతూ కాల్చేవారు. మూసను నిదానంగా చల్లారనిచ్చి పగులగొడితే గుండ్రటి ఉక్కు ముద్ద వచ్చేది. ఆ ముద్దలు కొనడానికి పర్షియా దేశపు ఇస్ఫహాన్ నుంచి వర్తకుడు వచ్చి ఆ ఊరిలో ఉన్నాడని కూడా వాయిసీ రాశాడు.

ఈ ఉక్కులో కర్బనం పాలు ఎక్కువ, సుమారు 1 నుంచి 2 శాతం. నిదానంగా చల్లారేటప్పుడు, ఆ తరువాత కమ్మరి తక్కువ వేడి మీద మళ్ళీ మళ్ళీ సాగగొట్టేటప్పుడు కర్బనపు గట్టి రేణువులు వరుసలు కడతాయి. రేకు మీద కనిపించే అలలు అవే. విద్యుత్తు పరిశోధనలతో పేరు పొందిన మైకేల్ ఫారడే కూడా 1819 ప్రాంతంలో ఈ భారతీయ ఉక్కు ముక్కలను పరీక్షించాడు. 2010లో బెంగుళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు కలిసి కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్, వరంగల్ జిల్లాల్లో ఊరూరా తిరిగి పాత కొలిమి స్థలాలను, చిట్టెం కుప్పలను నమోదు చేశారు.

మా ఊరు ఆ కొలిముల నడుమ ఉన్నదే. బాపు కత్తి మీది గీతలు ఆ అలలేనా? అయి ఉండవచ్చు, కాకనూ పోవచ్చు. తెలిసినవారికి చూపిస్తే తేలిపోయే విషయం. దానిని నేను తక్కెడలో పెట్టాను.

ఫిరంగుల కాలం

కత్తుల తరువాత మన ప్రాంతంలో ఫిరంగుల కాలం వచ్చింది. జగిత్యాల కోటను ఎరుగనివారు మనలో తక్కువ. 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో నక్షత్రాకారంలో, చుట్టూ కందకంతో కట్టారని చెప్పే ఈ కోట బురుజుల మీద పాత ఫిరంగులు ఉన్నాయి. నిర్మల్‌లో ఫిరంగులు పోతపోసే కార్ఖానా ఉండేదని, ఫ్రెంచివారు పని నేర్పారని ఆ ఊరి పెద్దలు చెబుతారు. ఊరి చుట్టూ ఉన్న శ్యాంగఢ్ వంటి కోటలు ఆ కాలానివే. ఇప్పుడు నిర్మల్ అంటే కొయ్యబొమ్మలే గుర్తుకు వస్తాయి. అదే ఊరు ఒకప్పుడు ఆయుధాలకు కూడా పేరుబడింది.

హైదరాబాద్‌లో నిజాం కొలువులో చేరిన ఫ్రెంచి సేనాని రేమండ్, గోషామహల్ దగ్గర 1795 ప్రాంతంలో తుపాకుల, ఫిరంగుల కార్ఖానా నెలకొల్పాడు. 'తోప్ కా సాంచా' అన్న దాని పేరే ఇంగ్లీషులో గన్‌ఫౌండ్రీగా మారింది. బ్యాంకు పని మీద ఆ వీధికి వెళ్ళినవారు మనలో ఎందరో! ఆ పేరు వెనుక ఇంత కథ ఉన్నదని ఎందరికి తెలుసు? రేమండ్ 1798 మార్చిలో మరణించాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషు వారితో ఒప్పందం చేసుకోవడంతో, అక్టోబరులో పదివేలకు పైగా ఉన్న ఫ్రెంచి దళాన్ని ఆయుధాలు కింద పెట్టించి రద్దు చేశారు. జీతాలు బాకీ ఉన్న సిపాయిలే తమ అధికారుల మీద తిరగబడ్డారని చరిత్ర చెబుతోంది. జీతం బాకీ అంటే ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు.

బర్మార్ నుంచి త్రీ నాట్ త్రీ దాకా

ముందు గొట్టంలో మందు, గుండు కూరి కాల్చే తుపాకిని మన వైపు బర్మార్ అంటారు. అడవి పల్లెల్లో పంటను అడవి పందుల నుంచి కాపాడుకోవడానికి వాడిన తుపాకి అదే. అదే తుపాకి తిరుగుబాట్లలోనూ కనిపిస్తుంది. 1857 తరువాత నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు నాయకత్వాన గోండులు, రోహిల్లాలు ఇంగ్లీషు, నిజాం సేనలతో పోరాడారు. 1860లో రాంజీని, ఆయన అనుచరులను నిర్మల్‌లో మర్రిచెట్టుకు ఉరి తీశారు. వెయ్యి ఉరుల మర్రి అన్న పేరు అప్పుడు వచ్చిందే. మన జిల్లా వాడైన కుమ్రం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. ఒక పక్క సర్కారు రైఫిళ్ళు, ఇంకో పక్క బర్మార్లు, బరిసెలు, విల్లంబులు. ఆ తేడాను గుర్తుంచుకుంటే గాని ఆ పోరాటం ఎంతటిదో అర్థం కాదు. జోడేఘాట్‌లో ఇప్పుడు స్మారకం, మ్యూజియం ఉన్నాయి.

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం కూడా ఒడిసెలలు, గుత్పలు, కారం ముంతలతో మొదలై, తరువాత తుపాకులకు ఎదిగింది. అదే సమయంలో నిజాం ప్రభుత్వం బయటి నుంచి ఆయుధాలు తెప్పించుకొన్నది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమాన చోదకుడు 1948లో రెండవ ప్రపంచ యుద్ధం నాటి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రివేళ కరాచీ నుంచి హైదరాబాద్ సంస్థానానికి ఆయుధాలు చేరవేశాడు. ఆ పనికి ఇంగ్లండు న్యాయస్థానం అతనికి జుల్మానా వేసింది. సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసింది. 18న సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయాడు.

మన ప్రాంతంలో ఒక ఇంటి అటక మీద పాత ఆయుధం ఉన్నదంటే, అది ఈ కథల్లో ఏదో ఒకదానికి చెందినదే కావచ్చు. అది గడి కావలివాడిదా, రజాకారుదా, దళంలో పనిచేసిన రైతుబిడ్డదా అన్నది ఇనుమును చూసి చెప్పలేము. ఒకే రకం కత్తి ముగ్గురి చేతుల్లోనూ ఉండేది. ఎవరి చేతిలో ఉన్నదో చెప్పవలసినది ఆ ఇంటివారే. మంచి కథయినా, చెప్పుకోవడానికి సిగ్గుపడే కథయినా ఉన్నది ఉన్నట్టు చెప్పినప్పుడే అది చరిత్ర అవుతుంది.

ఇషాపూర్ నుంచి అమెరికాకు

ఇక త్రీ నాట్ త్రీ. మన పిల్లలకు సినిమాల్లో, మనకు పోలీసు స్టేషన్ల ముందు కనిపించిన తుపాకి. 1907లో ఖరారైన నమూనా. పది తూటాలు పట్టేది. బెంగాల్‌లోని ఇషాపూర్ కార్ఖానాలో దశాబ్దాల పాటు తయారైంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో మన జవాన్లు మోసినది, 1962లో చైనా సరిహద్దులో పట్టుకొని నిలిచినది ఇదే. సైన్యం దీనిని వదిలిన తరువాత కూడా పోలీసుల దగ్గర చాలా కాలం ఉన్నది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో దీనికి వీడ్కోలు చెప్పారు.

ఇషాపూర్‌లో తయారైన పాత రైఫిళ్ళు ఎన్నో మిగులు సరుకుగా అమెరికాకు చేరాయి. అక్కడి సేకర్తలు వాటి మీది గుర్తులను మన ఆఫీసు ఫైలు చదివినట్టు చదువుతారు. బోల్టు దగ్గర కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, ఇషాపూర్ పేరు, సంవత్సరం ఉంటే స్వాతంత్ర్యానికి ముందుది. కిరీటం స్థానంలో అశోకుని సింహాలు ఉంటే తరువాతది. బోల్టు మీది నంబరు, గొట్టం మీది నంబరు ఒకటే అయితే విలువ ఎక్కువ. ముందు భాగం చుట్టూ తీగ బిగించి ఉంటే అది చేతి బాంబులు దూరంగా విసరడానికి కేటాయించిన తుపాకి. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇరుగుపొరుగు ఇంటి గోడకు ఇషాపూర్ ముద్ర గల తుపాకి వేలాడుతూ ఉంటే ఆశ్చర్యపోనక్కర లేదు.

మన దేశంలో మాత్రం అది కుదరదు. త్రీ నాట్ త్రీ సైన్యపు తూటా కనుక సామాన్యులకు నిషేధించిన కొలత. అందుకే లైసెన్సు గలవారి కోసం ప్రభుత్వ కార్ఖానాలు 315 కొలత రైఫిళ్ళు వేరుగా తయారు చేశాయి. మన దగ్గర సామాన్యుల ఇంటికి చేరిన సైన్యపు మిగులు సరుకు అంటే కంబళ్ళు, బూట్లు, నీళ్ళ బుడ్లు, భుజం సంచులే. యుద్ధం ముగిశాక 'డిస్పోజల్స్' పేరిట అమ్మిన ఆ సరుకు మన్నిక గురించి మన తండ్రులు చెప్పగా విన్నాం. తుపాకి లేకపోయినా ఆ నీళ్ళ బుడ్డి కూడా సేకరించదగినదే.

పతకాల సంగతి

అన్నిటికంటె నేను ముఖ్యంగా చెప్పదలచినది పతకాల గురించి. మన గనుల దగ్గర, కాలనీల్లో సెక్యూరిటీ గార్డులుగా పనిచేసిన మాజీ సైనికులు మనకు తెలుసు. నైట్ షిఫ్టులో గేటు దగ్గర 'రాం రాం సాబ్' అని పలకరించిన ఆ మనుషుల్లో కొందరి పెట్టెల్లో 1965 నాటి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్, 1971 నాటి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఉండి ఉంటాయి. వారు చెప్పుకోలేదు, మనం అడగలేదు.

అంతకు ముందటి తరంలోనూ ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా రంగాలలో మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో ఒకే బ్రిగేడులో పనిచేశారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాలు ఈ మూడు సంస్థానాల రౌతులకు గుర్తు. రెండవ ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ మొదటి పదాతి దళం మలయాలోని కోట భరు విమానాశ్రయానికి కాపలాగా ఉండగా, 1941 డిసెంబరులో జపాను వారు అక్కడ దిగారు. ఆ దళపు అధికారి అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధపు పతకం అంచు మీద సైనికుని నంబరు, హోదా, పేరు, దళం పేరు చెక్కి ఉంటాయి. అక్షరాలు చిన్నవి, భూతద్దం కావాలి. ఆ నాలుగు మాటలతో సేకర్తలు ఒక మనిషి జీవితాన్నే బయటకు తీస్తారు. ఈ పతకాల్లో ఒకటి, బ్రిటిష్ వార్ మెడల్, వెండిది. రెండు తులాలకు పైబడిన వెండి. కూలి దళాలలో పనిచేసినవారికి అదే పతకాన్ని కంచుతో చేసి ఇచ్చారు. 1980 జనవరిలో ప్రపంచ మార్కెట్‌లో వెండి ధర ఆకాశానికి అంటినప్పుడు ఈ వెండి పతకాలు అనేకం మూసల్లో కరిగిపోయాయి. కంచువి కరిగించి లాభం లేదు కనుక కొన్నయినా మిగిలాయి. పతకం కరిగితే దాని అంచు మీది మనిషి పేరు కూడా పోయినట్టే. నేను కత్తి అమ్మినట్టు ఎవరి ఇంట్లోనైనా పతకం అమ్మే ఆలోచన ఉంటే దయచేసి ఆగవలసిందిగా ప్రార్థన.

చట్టం ఏమంటుంది?

ఇది చదివి ఎవరైనా ఉత్సాహంతో పాత తుపాకి కొనబోతారేమో, అందుకే ఈ నాలుగు మాటలు.

1. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర పెట్టుకోవడం నేరం. బర్మార్ అయినా, తాత కాలం నాటిదైనా పనిచేసే తుపాకి తుపాకే.

2. కాలం చెల్లిన నమూనా, పురాతన విలువ గలది లేదా చెడిపోయినది, మరమ్మతు చేసినా చేయకపోయినా కాల్చడానికి పనికిరానిది అయితే ఆ చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. కాని పనికివస్తుందా రాదా అని తేల్చవలసింది మనం కాదు. పోలీసు అధికారులకు రాతపూర్వకంగా తెలిపి, రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.

3. లైసెన్సుదారు మరణిస్తే ఆ తుపాకిని ఇంట్లో ఉంచుకోరాదు. దగ్గరి పోలీసు స్టేషన్‌లో లేదా లైసెన్సు గల డీలరు వద్ద జమ చేసి రసీదు తీసుకోవాలి. వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2019 సవరణతో ఒకరికి ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది.

4. కత్తులకు కూడా కొన్ని ప్రాంతాల్లో ఆంక్షలు ఉంటాయి. ఊరేగింపుల్లో తిప్పడం అసలే కూడదు.

5. నూరేండ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయరాదు. విదేశాలకు పంపరాదు. అమెరికాలోని కొడుకు ముచ్చట పడ్డాడని తాతగారి బాకును సూట్‌కేసులో పెట్టి పంపితే విమానాశ్రయంలో చిక్కులు తప్పవు.

ఇంకొక మాట గని మనుషులకు ప్రత్యేకంగా. పాత గుండు, పేలని తూటా, చేతి బాంబు వంటివి పొలంలోనో బావి పూడికలోనో దొరికితే దానిని మిస్‌ఫైర్ అయిన హోలుగా భావించండి. మిస్‌ఫైర్ దగ్గర మనం ఏమి చేసేవాళ్ళం? ముట్టుకోకుండా, అందరినీ దూరం పంపి, షాట్‌ఫైరర్‌కూ ఓవర్‌మన్‌కూ చెప్పేవాళ్ళం. ఇక్కడ కూడా అంతే. ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి. అది ఎన్నేండ్లు మట్టిలో ఉన్నా చచ్చిపోయిందనుకోరాదు.

ఇంట్లో ఉన్నది కాపాడుకోవడం

పాత కత్తిని చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమవద్దు, గరుకు కాగితంతో రుద్దవద్దు. మెరుపు వస్తుంది గాని రేకు మీది గీతలు, అక్షరాలు పోతాయి. మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, కుట్టుమిషను నూనె పలుచగా రాస్తే చాలు. తోలు ఒరలో ఏండ్ల తరబడి ఉంచితే తోలు చెమ్మ పట్టి ఇనుము తుప్పు పడుతుంది. ఒరను, కత్తిని విడిగా ఉంచడం మేలు. ఆయుధ పూజ నాడు తడి కుంకుమ పెట్టినా మరునాడు పొడి గుడ్డతో తుడిచివేయాలి. పతకాలను పాలిషు పెట్టి రుద్దితే అంచు మీది పేరు అరిగిపోతుంది. రిబ్బను వెలిసిపోయినా దానిని మార్చవద్దు.

అన్నిటికంటె ముందు చేయవలసినది ఖర్చు లేని పని. ఒక నోటు పుస్తకం తీసి, వస్తువు పేరు, పొడవు, దాని మీద ఉన్న అక్షరాలు, అది మీ ఇంటికి ఎప్పుడు ఎవరి ద్వారా వచ్చింది, మీకు ఆ సంగతి ఎవరు చెప్పారు, రెండు రకాలుగా చెబితే ఆ రెండూ రాయండి. కింద తేదీ వేసి సంతకం చేయండి. ఒక ఫోటో అతికించండి. మస్టర్లు, లాగ్ బుక్కులు, రిపోర్టులు ముప్ఫై ఏండ్లు రాసిన చేతులు మనవి. ఈ ఒక్క పేజీ మనకు భారం కాదు.

నా వరకు నేను మొన్ననే ఆ పని చేశాను. వస్తువు లేదు గనుక ఫోటో అతికించి, కింద ఇట్లా రాశాను. తల్వార్ ఒకటి. పిడి ఇనుముది, పైన గుండ్రటి బిళ్ళ. రేకు మీద నీటి అలల వంటి గీతలు. గడి కావలికి ఇచ్చారని ఒక మాట, రజాకార్ల కాలంలో ఎవరో దాచమన్నారని ఇంకో మాట, రెండూ బాపు నోటి నుంచి విన్నవే. 1994లో నేనే పాత ఇనుముకు అమ్మినాను. ఆ పేజీని మనుమడికి చదివి వినిపించి, కింద వాని చేత కూడా సంతకం పెట్టించాను.

మీ ఇంట్లో కత్తో, పతకమో, సైన్యపు నీళ్ళ బుడ్డో ఉంటే మీరు కూడా ఒక పేజీ రాసి పెట్టండి. వస్తువు ఇంకా మీ చేతిలో ఉన్నవారు నా కంటె అదృష్టవంతులు.